అంబాసిడరా, ఫియటా: వాదన గెలవడానికి కొన్ని సలహాలు

మన పెళ్లిళ్లలో తలంబ్రాలు అయిపోయాక, భోజనాల పిలుపు రాకముందు ఒక అరగంట ఖాళీ దొరుకుతుంది. అరవై దాటిన మగవాళ్లు నలుగురు కుర్చీలు దగ్గరికి లాక్కుని కూచుంటే ఆ అరగంటలో తేలాల్సినవి మూడే: ఎన్టీఆరా ఏఎన్నారా, షుగరుకు ఏ మందు, అంబాసిడరా ఫియటా. మొదటి రెండింటి మీద సలహాలిచ్చేవాళ్లు ఊరినిండా ఉన్నారు. మూడోదానికే దిక్కులేదు. అందుకని పూనుకున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ రెంటిలో ఏది మంచి బండో తెలుసుకోవాలన్న దురద ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. రెండు బళ్లూ తలా ఒక పూట నడిపితే తెలిసిపోయే సంగతి అది, దానికి సలహాలెందుకు? ఇవి గెలవాలనుకునేవాళ్లకు.

పోటీదారుల జాతకాలు టూకీగా. అంబాసిడర్ అసలు ఇంగ్లండులో కౌలీ కార్ఖానాలో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. దాన్ని కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1958 నుంచి 2014 దాకా తయారుచేస్తూనే ఉన్నారు. ఫియట్ ఇటలీది. 1100 డి అనే ఆ బండిని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964లో మొదలుపెట్టారు. అది డిలైట్ అయింది, ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది. కంపెనీ ఎన్ని పేర్లు మార్చినా మన జనం చివరి బండి దాకా ఫియట్ అనే అన్నారు. నేనూ అదే అంటాను.

తీర్పు ముందు, విచారణ తరవాత

మీ ఇంట్లో ఏది ఉండేదో అదే గొప్ప బండి. మీ ఇంట్లో లేకపోతే మీ మేనమామగారింట్లో ఉన్నది. అక్కడా లేకపోతే, మీ ఊరి డాక్టరుగారికి ఫియట్ ఉండి ఉంటుంది, కలెక్టరాఫీసు ముందు అంబాసిడర్ ఆగి ఉంటుంది. చిన్నప్పుడు ఇంజెక్షనంటే భయమో, గవర్నమెంటంటే భయమో చూసుకుని రెండో పక్షంలో చేరండి.

అప్పట్లో రెండు బళ్లనూ పక్కపక్కన పెట్టి, పోల్చి కొన్నవాడు ఊరికొకడు కూడా లేడన్న నిజం మాత్రం పైకి రానివ్వకండి. లైసెన్సుల కాలం. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరసలో నిలబడాలి. ఏ కాగితం ముందొస్తే ఆ బండి. అయినా సరే, "మా నాన్నగారు అన్నీ విచారించే ఫియట్ తీసుకున్నారు" అని గట్టిగా అనండి. విచారించిన మాట వాస్తవమే. తన నంబరు ఎప్పుడొస్తుందని విచారించారు.

సంవత్సరం నోట రానివ్వకండి

ఈ వాదన మొత్తానికి ఆయువుపట్టు ఇదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

అంబాసిడర్ 56 ఏళ్లు తయారైంది. పైరేకు పెద్దగా మారలేదు. గ్రిల్లు, చిన్నలైట్లు, డాష్‌బోర్డు మారాయి గానీ, దూరం నుంచి చూసేవాడికి నెహ్రూ కాలపు బండికీ వాజ్‌పేయి కాలపు బండికీ తేడా చప్పున తెలీదు. బానెట్ కింద మాత్రం వంశాలు మారుతూ వచ్చాయి. మొదట 1,476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజను. 1959లో దాని స్థానంలో 1,489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను, బీఎంసీ వాళ్ల బీ సిరీస్‌ది. 1980 ప్రాంతంలో అదే 1,489 సీసీలో డీజిల్. దేశంలో మొదటి డీజిల్ కారు అదే, శక్తి 37 బీహెచ్‌పీ. 1990ల మొదట్లో ఇసుజు వాళ్ల 1,817 సీసీ పెట్రోలు ఇంజను, 75 బీహెచ్‌పీ. దాంతో స్టీరింగు కింది గేరు పోయి, కింద నేలమీద ఐదు గేర్లొచ్చాయి.

మీరు అంబాసిడర్ పక్షం, అవతల మీ బావగారి డిలైట్ అనుకుందాం. మీరు ఇసుజు బండిని బరిలో దింపాలి. ఎప్పటిదో చెప్పకూడదు.

"మాది 75 హార్స్‌పవరు బావా. ఐదు గేర్లు. నీ ఫియట్ ఎంత?"

"నలభై."

"ఇంకేం మరి, అయిపోయిందిగా."

మధ్యలో ముప్పయ్యేళ్లు గడిచాయని ఆయనకు స్ఫురించేలోపు వడ్డన మొదలవుతుంది.

ఫియట్ పక్షం వాళ్లు కంగారు పడనక్కర్లేదు. మీరు డీజిల్ అంబాసిడర్ని పట్టుకోండి. "బావా, మీ ఇంజను మాకంటే 400 సీసీ పెద్దది. శక్తి మాత్రం మాకంటే మూడు గుర్రాలు తక్కువ. ఆ 400 సీసీ ఏ మూల నిద్రపోతున్నట్టు?" డీజిల్ అన్న మాట మింగెయ్యండి. బావగారు పెట్రోలు బండి తలుచుకుంటూ బిక్కమొహం వేస్తారు.

ఫియట్ వాళ్లకు విదేశీ అస్త్రం ఒకటి కూడా ఉంది. ఇటలీలో అమ్మిన 1100 డిలో ఇంజను 1,221 సీసీ. కుర్లా నుంచి మనకొచ్చిన దాంట్లో 1,089. పేరు ఒకటే కదా, ఇటలీ అంకెలు తెచ్చి కుర్లా బండికి తగిలించండి. గుంపులో లెక్కల మాస్టారు ఉంటే మాత్రం ఈ అస్త్రం తియ్యకండి. బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75 అని ఆయనకు గనక తెలిసిందా, వేళ్లమీదే గుణించి 1,089 దగ్గర మిమ్మల్ని కూలేస్తాడు.

గుర్రాలను లెక్కపెట్టండి, బండిని తూచకండి

హార్స్‌పవరు అంకెలో ఉన్న సుగుణం ఏమిటంటే, దాన్ని ఎలా కొలిచారని ఎవరూ అడగరు. పాత అమెరికా పద్ధతి, ఎస్ఏఈ గ్రాస్ అనేది, ఇంజనును విడిగా స్టాండు మీద పెట్టి, ఫ్యాను, డైనమో, బండికుండే సైలెన్సరు లేకుండా కొలుస్తుంది. జర్మనీ వాళ్ల డిన్ పద్ధతి అవన్నీ తగిలించి కొలుస్తుంది. అదే ఇంజను మొదటి లెక్కలో పులి, రెండో లెక్కలో పిల్లి. ఆ గ్రాస్ లెక్క మీద సిగ్గేసి అమెరికా కంపెనీలే 1972లో నెట్ లెక్కకు మారాయి. మనకేం సిగ్గు? 1,489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌కు కొన్ని కాగితాల్లో 55, కొన్నింట్లో 50 కనిపిస్తాయి. మన బండికి పెద్ద అంకె, అవతలి బండికి చిన్న అంకె. ఇంతకు మించిన శాస్త్రం అనవసరం.

ఆ శక్తి నాలుగు వేలు దాటిన ఆర్‌పీఎం దగ్గర వస్తుందని కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవకండి. బండిని అంత అరిపించి నడిపే డ్రైవరును ఆ రోజుల్లో ఏ యజమానీ రెండో రోజు రానిచ్చేవాడు కాదు. మామూలుగా నడిపే వేగంలో ఉపయోగపడేది అడుగు నుంచి వచ్చే లాగుడు. అంబాసిడర్ ఇంజనుకు బోరు 73 మిల్లీమీటర్లయితే స్ట్రోకు దాదాపు 89. ఆ పొడుగు స్ట్రోకు వల్లే రెండో గేర్లో ఎత్తు మీద కూడా గునుస్తూ ఎక్కేస్తుంది. కానీ గునుపుకు అంకె లేదు. అంకె లేనిదాన్ని వాదనలోకి తేకూడదు.

అన్నిటికంటే పెద్ద గండం బరువు. అంబాసిడర్ సుమారు 1,100 కిలోలు, ఫియట్ సుమారు 900. ఎవడైనా తుంటరి కాగితం తీసి 50ని 1.1తో, 40ని 0.9తో భాగించాడంటే మీ ఇద్దరి పరువూ పోతుంది. ఒకటి టన్నుకు 45, ఇంకొకటి 44 చిల్లర. నలభై ఏళ్లుగా రెండు కుటుంబాలు దేనికోసం పోట్లాడుకుంటున్నాయో ఆ తేడా, ఒక ముసలి గుర్రానికి సరిపడా కూడా లేదు. ఆ కాగితం చేతికందితే దాంతో చెయ్యి తుడుచుకోండి.

అంబాసిడర్ పక్షం వాళ్లకు మాత్రం చెవిలో ఒక ముక్క. భాగాహారం తప్పనిసరైతే, బళ్లలో మనుషులు ఎక్కాక చెయ్యండి. మనిషికి 60 కిలోల చొప్పున అయిదుగురు ఎక్కితే రెంటికీ 300 కిలోలు పెరుగుతుంది. అంబాసిడర్ టన్నుకు 36 దగ్గరా, ఫియట్ 33 దగ్గరా నిలుస్తాయి. ఇంకో అయిదుగుర్ని కుక్కితే 29, 27. పైన పడే బరువు ఒకటే అయినప్పుడు పెద్ద ఇంజను బండి తక్కువ నష్టపోతుంది. ఇది నిజమైన లెక్క, అందుకే దీన్ని వాడుతుంటే నాకు మనసు ఒప్పడం లేదు. కానీ గెలుపు ముఖ్యం.

సీసీలు వయసుతో పాటు పెరుగుతాయి

ముసలి బండికి ఇంజను బోరు చేయించిన ప్రతిసారీ సిలిండర్ కాస్త వెడల్పవుతుంది, దానికి తగ్గట్టు ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు 40 సైజు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు నలభై పెంచి వేశారనుకోండి. బోరు 73 నుంచి 74 మిల్లీమీటర్లవుతుంది, 1,489 కాస్తా 1,531 అవుతుంది. విజయవాడ ఆటోనగర్లో బోరింగు చేసిన మేస్త్రీ కంపెనీ ఇవ్వని 42 సీసీలు ఉచితంగా ఇచ్చాడన్నమాట. "నా బండి ఇప్పుడు పదిహేను వందల ముప్పై ఒకటి" అని చెప్పుకోండి. ఇంతలా అరిగిందా అని అడిగినవాడికి జవాబివ్వకండి.

పికప్పు, టాప్ స్పీడు

లండన్ పత్రిక ‘ద మోటార్’ 1954లో అంబాసిడర్‌కు పెద్దన్న లాంటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 2ను పరీక్షించింది. గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి 29 సెకన్లు పట్టింది. గరిష్ఠ వేగం 74 మైళ్లు, అంటే సుమారు 119 కిలోమీటర్లు. ఇది వాడకండి. 29 సెకన్లు అని నోటితో అనడానికే అవమానంగా ఉంటుంది.

పికప్పుకు మీ సొంత పద్ధతి పెట్టుకోండి. మొదటి గేరు వేసి, బండి ఒక గెంతు గెంతి కుదురుకుని, రెండో గేరు చెప్పినమాట విని పడ్డాక అప్పుడు వాచీ నొక్కండి. పాత మోడళ్లలో రెండు బళ్లకీ గేరు కర్ర స్టీరింగు కిందే కాబట్టి, అక్కణ్ణుంచి గేరుబాక్సు దాకా ఉన్న రాడ్లు, బుష్షులు అరిగిపోతే గేరు పడాలా వద్దా అన్నది దానిష్టం. మధ్యలో ఇరుక్కుంటే దిగి, బానెట్ ఎత్తి, లింకును చేత్తో సర్ది రావాలి. ఆ సమయాన్ని సెకన్లలో కలపడం అన్యాయం.

టాప్ స్పీడు ఇంకా సులువు. స్పీడోమీటరు మీద ముల్లు ఎక్కడికి పోతే అదే. గేరుబాక్సు నుంచి ఒక కేబులు తిరిగి ముల్లును కదిలిస్తుంది. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో దానికి తెలుసు, బండి ఎంత దూరం పోయిందో తెలీదు. అందుకని అరిగిన టైర్లు వేసుకుని వెళ్లండి. చుట్టుకొలత తగ్గుతుంది, చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, ముల్లు లేస్తుంది. బోడిటైర్లంత చవగ్గా వేగం పెంచే సాధనం ఇంకొకటి లేదు. గాలి వెనక నుంచి కొడుతున్నప్పుడు, ఒకవైపే నడపండి. రెండువైపులా నడిపి సగటు తీసేవాళ్లు పత్రికలవాళ్లు, వాళ్లకు బంధువులుండరు.

కొలిచిన నెల కూడా చెప్పకండి. ఇంగ్లండు చలిలో తీసిన అంకెను రెంటచింతల మే నెలకు అప్పగించడం మన సంప్రదాయం. పదిహేను డిగ్రీల గాలికీ నలభై అయిదు డిగ్రీల గాలికీ సాంద్రతలో దాదాపు పదో వంతు తేడా ఉంది. సిలిండర్లోకి అంత తక్కువ గాలి వెళ్తుంది, శక్తీ ఆ మేరకు దిగుతుంది. ఇక పెట్రోలు పంపు వేడెక్కి, గొట్టంలో పెట్రోలు ఆవిరై, బండి రోడ్డు పక్కన ఆగిపోతే, తడిగుడ్డ చుట్టి చెట్టుకింద కూచునే పనితీరును ఏ బ్రోషరూ అచ్చువెయ్యలేదు. ఆ అరగంట రెండు బళ్లకీ సమానంగా వచ్చేది గనక కొట్టేసుకోవచ్చు.

మైలేజీ

ఫియట్ పక్షం వాళ్లు లీటరుకు ఎంత అని అడగండి. అంబాసిడర్ పక్షం వాళ్లు ఫుల్ ట్యాంకు మీద ఎంత దూరం అని అడగండి. అంబాసిడర్ ట్యాంకు 54 లీటర్లు, ఫియట్‌ది 38. అంబాసిడర్ లీటరుకు 10 ఇచ్చిందనుకున్నా 540 కిలోమీటర్లు పోతుంది. ఫియట్ 13 ఇచ్చిందనుకున్నా 494 దగ్గర ఆగుతుంది. ఎక్కువ తాగే బండి ఎక్కువ దూరం పోయి గెలిచింది. ఇద్దరూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ ఉంటే ఈ వాదన తరాలపాటు నడుస్తుంది, నడిచింది కూడా.

విదేశీ పుస్తకాల్లో గాలన్లు కనిపిస్తే పండగ చేసుకోండి. బ్రిటిష్ గాలను నాలుగున్నర లీటర్లు, అమెరికా గాలను నాలుగుకు లోపు. ‘ద మోటార్’ వాళ్ల ఆక్స్‌ఫర్డ్ గాలనుకు 28 మైళ్లిచ్చింది. బ్రిటిష్ లెక్కన అది లీటరుకు 10 కిలోమీటర్లే, అమెరికా గాలను అనుకుని మార్చుకుంటే 12 అవుతుంది. ఇంజను ముట్టుకోకుండా, కార్బొరేటర్ ట్యూన్ చెయ్యకుండా రెండు కిలోమీటర్లు కలిసొచ్చాయి.

అంతకీ అంకె చాలకపోతే తిరుమల పాత ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కొలవండి. గేరు తీసేసి న్యూట్రల్లో వదిలెయ్యండి, స్వామి దయవల్ల లీటరుకు ఎంతైనా వస్తుంది. ఇంజను పట్టు పోయి టన్ను బరువూ బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ములు కాలి, పెడలు తొక్కినా బండి వినదు. అలిపిరిలో మీకోసం ఎదురుచూసేవాళ్లు చాలాసేపు చూడాల్సిరావచ్చు. కానీ మైలేజీ పట్టికలో దానికి గడి లేదు.

బ్రేకులు

ఈ విషయం ఎత్తకండి. పాత మోడళ్లలో రెండు బళ్లకీ నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఇద్దరూ ఓడిపోతారు.

ఎంతమంది పడతారు

కాగితం మీద అయిదుగురు. ఆ కాగితం రాసినవాడు మన ముహూర్తాలు చూడలేదు. అంబాసిడర్ అద్దె టాక్సీలో ముందు సీటుకే నలుగురు, డ్రైవరుకు కుడిపక్కన ఒకడు సగం తలుపులో, సగం డ్రైవరు భుజంలో. ఫియట్‌లోనూ ముందు పొడుగు సీటే, స్టీరింగు కింది గేరే. కాబట్టి పద్ధతి అదే. తేడా ఎక్కడంటే వెడల్పులో. అంబాసిడర్ ఫియట్‌కంటే సుమారు 20 సెంటీమీటర్లు, ఇంచుమించు జానెడు వెడల్పు. చక్రాల మధ్య పొడుగు చూస్తే 2,464 మిల్లీమీటర్లకు 2,340, అయిదంగుళాల లోపు తేడా. నిజానికి వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు ఊపిరాడేలా కూచోగలరా లేదా అన్నది ఆ జానెడు మీదే ఆధారపడుతుంది, మొత్తం స్పెసిఫికేషన్ల పట్టికలో ఒక కుటుంబానికి పనికొచ్చే అంకె ఏదైనా ఉంటే అదే.

అందుకే దాన్ని దాటెయ్యండి. ఫియట్ పక్షం వాళ్లయితే వెంటనే సందుల గురించి మాట్లాడాలి. బేగంబజారు సందుల్లోనో, వన్‌టౌన్ సందుల్లోనో పిన్నిగారింటి గుమ్మం దాకా పోయేది ఏ బండి? అంబాసిడర్ పక్షం వాళ్లయితే గుంతల గురించి మాట్లాడాలి. ముందు టార్షన్ బారు, వెనక కమాను కట్టలు, ఎంత గుంతైనా దిగి ఎక్కేస్తుందని చెప్పాలి. ఫియట్‌కు ముందు కాయిలు స్ప్రింగులు, మలుపులో బండి కుదురుగా ఉంటుంది, నడిపేవాడికి సరదా. నడిపేవాడు ఒకడు, వెనక కూచునేవాళ్లు ఆరుగురు గనక ఓట్లలో ఆ సరదా ఓడిపోయింది. దేశం మొత్తమ్మీద చూస్తే కలకత్తా టాక్సీలు అంబాసిడర్లు, బొంబాయి టాక్సీలు ఫియట్లు. దీనికి రోడ్ల స్వభావం, మనుషుల తత్వం అంటూ గొప్ప సిద్ధాంతాలు చెప్పొచ్చు. ఒక కార్ఖానా కలకత్తా పక్కనా, ఇంకొకటి బొంబాయిలోనూ ఉన్నాయని గుర్తుచేసేవాణ్ణి పట్టించుకోకండి. బొంబాయిలో చివరగా రిజిస్టరైన పద్మిని టాక్సీకి ఇరవయ్యేళ్లు నిండి 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. ఈ ముక్క చెప్పి కాసేపు కళ్లు ఒత్తుకుంటే, ఫియట్ పక్షానికి సానుభూతి ఓట్లు పడతాయి.

ధర

పాత ధరలు పాత రూపాయల్లోనే చెప్పాలి. లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానమంత్రిగా ఉండి 1964 మోడల్ ఫియట్ కొన్నారు. పన్నెండు వేలు. "పన్నెండు వేలకు కారొచ్చే రోజులు!" అని నిట్టూర్చి అక్కడే ఆగండి. ఆయన దగ్గర ఏడు వేలే ఉంటే మిగతా అయిదు వేలు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు చేశారని, 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన పోయాక లలితా శాస్త్రిగారు పెన్షన్ డబ్బుతో ఆ అప్పు తీర్చారని చెప్తే, ఆ బండి చవకదన్న మాట నిలవదు. దేశ ప్రధానికే చాలని జీతానికి పన్నెండు వేలు ఏమాత్రమో జనానికి అర్థమైపోతుంది.

బుకింగు నాటి నుంచి తాళం చేతికొచ్చేదాకా పట్టిన కాలాన్ని మాత్రం ఏ పట్టికలోనూ కలపకండి. సున్నా నుంచి అరవైకి 29 సెకన్లు పట్టే బండి, సున్నా నుంచి గుమ్మం ముందుకు రావడానికి ఏళ్లు పట్టేది. 1983 డిసెంబరులో 796 సీసీ మారుతి వచ్చేదాకా ఈ రెండు కంపెనీలకూ ఒకదాన్నొకటి ఓడించాల్సిన అవసరమే పడలేదు. ఆ పని మనకు ఒప్పజెప్పాయి.

బానెట్ ఎత్తనివ్వకండి, ఆర్‌సీ చూపించకండి

ఇప్పుడు మీ ఇంటి వెనక రేకులషెడ్డులో ఉన్న బండి సంగతి. కంపెనీ అంకెలు కంపెనీ గేటు దాటిన రోజువి. ఆ తరవాత బండిలో మేస్త్రీలు కాపురం చేశారు. పెట్రోలు భరించలేక ఎన్నో అంబాసిడర్లలో అసలు ఇంజను దించేసి మెటడార్ వ్యాను డీజిల్ ఇంజను ఎక్కించారు. ఎస్‌యూ కార్బొరేటర్ ఉండాల్సిన చోట డీజిల్ పంపు కనిపిస్తుంది. ఫియట్లలోనూ సోలెక్స్ కార్బొరేటర్ పోయి చేతికందింది ఎక్కింది. అటువంటి రెండు బళ్లను పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అని తేలిస్తే, తేలేది ఏ మేస్త్రీ గొప్ప అన్న సంగతే. అయినా మీరు 1,489 అంటూనే ఉండండి.

ఇంజను నంబరు, ఆర్‌సీ నంబరు సరిచూస్తానన్నవాడికి కాఫీ ఇచ్చి పంపించండి. ఎందుకంటే 2021 జులైలో కేంద్రం వింటేజి బళ్లకు విడిగా నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషను ఇస్తారు. కొత్తగా చేయించడానికి 20,000, మళ్లీ చేయించడానికి 5,000 రూపాయలు. షరతు ఏమిటంటే చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. మెటడార్ గుండెతో బతికే అంబాసిడర్ ఆ వరసలో నిలబడలేదు. ఇక పద్మిని పేరే 1974లో పుట్టింది, మొట్టమొదటి పద్మినికి యాభై నిండింది 2024లోనే. ఫియట్ పక్షం వాళ్లు వింటేజి అన్న మాట వాడేముందు బండి డిలైటా పద్మినా చూసుకోవాలి. చూసుకోకుండా వాడితే ఇంకా ధాటిగా ఉంటుంది.

ఎదుటివాడు తాళాలు తెస్తే

ఒక్కోసారి మీ ఖర్మ కొద్దీ రెండు బళ్లూ కండిషన్లో ఉంచుకున్నవాడు తగుల్తాడు. "రెండూ ఒకే సంవత్సరానివి, ఒకే బంకులో పెట్రోలు కొట్టించాను, కొత్త టైర్లు, టైమింగు సరిచూశాను, ఇద్దరం మార్చి మార్చి ఒకే రోడ్డు మీద నడుపుదాం రండి" అంటాడు. వెళ్లకండి. నడుం నొప్పి అనండి. వెళ్తే ఇరవై కిలోమీటర్లలో మీకు నచ్చిన బండి ఏదో తెలిసిపోతుంది, అది మీ నాన్నగారిది కాకపోవచ్చు.

చివరగా ఒక ప్రమాదం గురించి హెచ్చరిస్తాను. వాదన రంజుగా సాగుతుండగా మూలన కూచున్న పెద్దాయన ఒకరు గొంతు సవరించుకుని, "మాకు స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేదండీ" అంటారు. మద్రాసులో తయారైంది, 948 సీసీ, మీ ఇద్దరికంటే చిన్న ఇంజను. వెంటనే అంబాసిడర్ పక్షం, ఫియట్ పక్షం వైరం మరిచి ఒకటవ్వాలి. ఇద్దరూ కలిసి సీసీలతో కొట్టండి, బరువుతో కొట్టండి, అందులో ఎంతమంది పడతారని నవ్వండి. ఆయన బెదరకపోవచ్చు. ఆ బండి గీత గీసింది ఇటలీ మికెలోట్టి అంటారు. వెనక చక్రాలు మీ బళ్లల్లోలాగా ఒకే ఇరుసుకు బిగించినవి కావు, దేని సస్పెన్షను దానిదే అంటారు. అది నిజం, మీ ఇద్దరి దగ్గరా దానికి జవాబు లేదు. ఆయన ఆ మాట పూర్తిచేసేలోగా భోజనాలకు లేవండి.